సిలిండర్ కదలడం లేదా? కాయిల్ మార్చే ముందు చదవండి: ఎయిర్ వాల్వులు, సోలినాయిడ్ల సమగ్ర మార్గదర్శి

యర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల్లో బస్తా నిండగానే ప్యాకింగ్ మెషీన్ గేటును మూసేది గాలి. తాడిపత్రి, బేతంచెర్ల వైపు పాలిష్ లైన్లలో రాయి మీద హెడ్డును నొక్కిపట్టేది గాలి. కర్నూలు బియ్యం మిల్లుల్లో కలర్ సార్టర్ నల్ల గింజను చూసిన క్షణంలోనే పక్కకు ఊదేసేదీ గాలే. ఈ గాలికి దారి చూపించేవి వాల్వులు, ఆ వాల్వులకు ఆర్డరు వేసేవి కరెంటు కాయిల్‌తో పని చేసే సోలినాయిడ్లు. ఐటీఐ ముగించి మెయింటెనెన్స్‌లో కొత్తగా చేరిన పిల్లల కోసం, నైట్ షిఫ్టులో ఒంటరిగా ఈ పని చూసుకోవాల్సిన ఎలక్ట్రీషియన్ల కోసం ఇది రాస్తున్నాను.

మా వైపు ప్లాంట్లలో ఒక అలవాటు బలంగా పాతుకుపోయింది. సిలిండర్ (గాలితో పిస్టన్‌నూ దాని రాడ్‌నూ ముందుకూ వెనక్కూ నడిపే గొట్టం) ఆగితే చాలు, "అన్నా, కాయిల్ పోయింది" అంటారు. స్టోర్ నుంచి కొత్త కాయిల్ తెస్తారు. అది పని చేయకపోతే వాల్వే మారుస్తారు. అదీ కుదరకపోతే సిలిండర్ విప్పుతారు. రెండు గంటలు పోయాక చూస్తే ఎఫ్‌ఆర్‌ఎల్ (ఫిల్టర్, రెగ్యులేటర్, లూబ్రికేటర్ కలిసిన సెట్టు) దగ్గర ప్రెజర్ సరిచేసే రెగ్యులేటర్ మూసి ఉంటుంది. ఈ పద్ధతి మారాలి. వాల్వు దగ్గరికి రెండు దారులు వస్తాయి, ఒకటి కరెంటు దారి, రెండోది గాలి దారి. ఏ దారి తెగిందో తేలేదాకా స్పానర్ పట్టుకోకూడదు. అది తేల్చడానికి ఒక్క నిమిషం చాలు, ఎలాగో ముందుకు పోతే చెప్తాను.

చెయ్యి పెట్టే ముందు

50 మి.మీ. బోరు (లోపలి వ్యాసం) ఉన్న సిలిండర్‌ను తీసుకోండి. పిస్టన్ విస్తీర్ణం దాదాపు 19.6 చదరపు సెంటీమీటర్లు. 6 బార్ గాలి ఇస్తే అది సుమారు 120 కేజీల బలంతో తోస్తుంది. వెనక్కి లాగేటప్పుడు రాడ్ ఆక్రమించిన చోటు తీసేయాలి కాబట్టి, 20 మి.మీ. రాడ్ ఉంటే బలం 100 కేజీల దగ్గరికి తగ్గుతుంది. బోరు 63 అయితే తోసే బలం 190 కేజీలు. మధ్యలో వేలు ఇరుక్కుంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ప్యానెల్‌లో పవర్ తీసేస్తే సరిపోదు. మెషీన్‌కు గాలి ఇచ్చే షట్ ఆఫ్ వాల్వు మూసి, తాళం వేసి, లోపల మిగిలిన గాలిని వదిలి, గేజి సున్నా చూపించాకే ఫిట్టింగ్ విప్పాలి. అప్పుడు కూడా కొన్ని సర్క్యూట్లలో సిలిండర్ లోపల గాలి బంధించి ఉంటుంది. ముఖ్యంగా మధ్య స్థానంలో అన్ని దారులూ మూసుకునే వాల్వు ఉన్నచోట, నిలువుగా బరువు మోసే సిలిండర్ ఉన్నచోట జాగ్రత్త. బరువుకు ముందు దిమ్మె పెట్టి, ఆ తర్వాతే పైపు ఊడదీయండి.

వాల్వు మీది నంబర్లు చదవడం

వాల్వును 5/2, 3/2 అని పిలుస్తాం. మొదటి అంకె దానికి ఎన్ని దారులు ఉన్నాయో చెప్తుంది, రెండోది ఎన్ని స్థానాలు ఉన్నాయో చెప్తుంది. 2/2 అంటే ఒక దారి లోపలికి, ఒకటి బయటికి, తెరవడం లేదా మూయడం అంతే. 3/2లో మూడో దారి వాడిన గాలి బయటికి పోవడానికి. స్ప్రింగుతో వెనక్కి వచ్చే సిలిండర్‌కు ఇది చాలు. గాలితోనే ముందుకూ వెనక్కూ నడిచే సిలిండర్‌కు 5/2 కావాలి.

వాల్వు బాడీ మీద పోసిన అంకెలను ఒకసారి బాగా మనసులో పెట్టుకుంటే జీవితాంతం పనికొస్తాయి. 1 అంటే సప్లై. 2, 4 సిలిండర్‌కు పోయే దారులు. 3, 5 ఎగ్జాస్ట్, అంటే వాడిన గాలి బయటికి పోయే దారులు. పాత వాల్వుల మీద ఇవే పి, ఎ, బి, ఆర్, ఎస్ అక్షరాలుగా ఉంటాయి. కాయిల్ వైపు 14, 12 అని కనిపిస్తే కంగారు పడకండి. 14 సిగ్నల్ వస్తే 1 పోయి 4తో కలుస్తుంది, 12 సిగ్నల్ వస్తే 1 పోయి 2తో కలుస్తుంది. అంకెలను విడదీసి చదివితే అర్థం అందులోనే ఉంది.

ఇప్పుడు ఒకే కాయిల్, రెండో వైపు స్ప్రింగు ఉన్న 5/2 వాల్వు లోపలికి చూద్దాం. కరెంటు లేనప్పుడు 1లో వచ్చిన గాలి 2 గుండా పోతుంది, 4లో ఉన్న గాలి 5 నుంచి బయటపడుతుంది. అంటే సాధారణ కనెక్షన్‌లో రాడ్ లోపలికి పోయి ఉంటుంది. కాయిల్‌కు కరెంటు అందగానే లోపలి స్పూల్ పక్కకు జరుగుతుంది. 1 పోయి 4తో కలుస్తుంది, 2లోని గాలి 3 నుంచి బయటపడుతుంది, రాడ్ ముందుకొస్తుంది. స్పూల్ అంటే రబ్బరు సీళ్లు తొడిగిన ఒక చిన్న కడ్డీ. అది జరిగే దూరం కొన్ని మిల్లీమీటర్లే. ఆ కొద్ది జరుగుడు ఆగిపోతే లైనంతా ఆగుతుంది.

సోలినాయిడ్ లోపల

రాగి తీగ చుట్టిన కాయిల్, దాని మధ్యలో ఒక ట్యూబు, ట్యూబులో ఇనుప ప్లంజర్, ప్లంజర్‌ను కిందికి నొక్కే స్ప్రింగు. కరెంటు ఇస్తే అయస్కాంతం ఏర్పడి ప్లంజర్ లేస్తుంది, దాని కింద ఉన్న చిన్న రంధ్రం తెరుచుకుంటుంది. ఇంతే పరికరం.

కానీ డీసీ కాయిల్, ఏసీ కాయిల్ చెడిపోయే తీరు వేరు. 24 వోల్టుల డీసీ కాయిల్‌లో కరెంటు ఎంత పోవాలో తీగ రెసిస్టెన్సే నిర్ణయిస్తుంది. ప్లంజర్ లేచినా లేవకపోయినా అంతే కరెంటు. అందుకే అది అంత తొందరగా కాలదు. 230 వోల్టుల ఏసీ కాయిల్ అలా కాదు. ప్లంజర్ పైకి లేచి కూర్చున్నాకే దాని ఇండక్టెన్స్ పెరిగి కరెంటు తగ్గుతుంది. దుమ్ము చేరి ప్లంజర్ సగంలో ఇరుక్కుంటే ఎక్కువ కరెంటు అలాగే పోతూనే ఉండి కాయిల్ మాడిపోతుంది. ఏసీ కాయిల్ కాలిందంటే కొత్తది తొడిగేసి వెళ్లిపోవద్దు, ట్యూబు విప్పి ప్లంజర్ స్వేచ్ఛగా ఆడుతోందో లేదో చూడండి. లేకపోతే కొత్తదీ అదే దారి పడుతుంది. ఇంకో మాట, పవర్ ఉన్నప్పుడు ఏసీ కాయిల్‌ను ట్యూబు మీంచి ఊడదీసి పక్కన వేలాడదీయకండి. లోపల ఇనుము లేక నిమిషాల్లో కాలుతుంది.

ఏసీ కాయిల్ గట్టిగా గుయ్యిమంటుంటే ప్లంజర్ పూర్తిగా కూర్చోవడం లేదని అర్థం. మధ్యలో మురికి చేరి ఉండాలి, లేదా లోపలి రాగి రింగు విరిగి ఉండాలి.

కాయిల్‌ను మల్టీమీటర్‌తో కొలిచేటప్పుడు అందాజాగా "రీడింగ్ వస్తోంది కదా" అనుకోకండి. డీసీ కాయిల్‌కు లెక్క ఉంది. వోల్టును వోల్టుతో గుణించి, కాయిల్ మీద రాసిన వాట్లతో భాగించండి. 24 వోల్టులు, 4.8 వాట్లు అయితే 576ను 4.8తో భాగిస్తే 120 ఓములు. మీటరు దాని దగ్గర్లో చూపిస్తే కాయిల్ బాగుంది. ఓపెన్ చూపిస్తే తీగ తెగింది. బాగా తక్కువ చూపిస్తే లోపల చుట్లు షార్ట్ అయ్యాయి. ఏసీ కాయిల్‌కు ఈ లెక్క పనికిరాదు, అదే మోడల్ కొత్త కాయిల్‌ను పక్కన పెట్టుకుని పోల్చాలి. చెయ్యి పెట్టి వేడి చూసి నిర్ణయించడం మాత్రం ఎప్పుడూ వద్దు. ఎక్కువసేపు ఆన్‌లో ఉండే మంచి కాయిల్ కూడా చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, అందులోనూ మన మే నెల ఎండల్లో.

పైలట్: చాలామంది మర్చిపోయే సంగతి

ఇంత చిన్న కాయిల్ 6 బార్ గాలి ఉన్న స్పూల్‌ను నేరుగా జరపలేదు. అది తెరిచేది ఒక సన్నని రంధ్రాన్ని మాత్రమే. ఆ రంధ్రం గుండా పోయిన గాలి స్పూల్ చివరను తోస్తుంది, దీన్నే పైలట్ అంటారు. అంటే స్పూల్‌ను కదిపేది కరెంటు కాదు, లైన్లో ఉన్న గాలే. ఇలాంటి వాల్వుకు కనీస ప్రెజర్ ఉండాలి, అది సాధారణంగా 1.5 నుంచి 2.5 బార్ మధ్య ఉంటుంది, కచ్చితమైన అంకె వాల్వు లేబుల్ మీదే ఉంటుంది. లైన్ ప్రెజర్ అంతకన్నా తగ్గితే కాయిల్ టక్‌మంటుంది, లైటు వెలుగుతుంది, స్పూల్ మాత్రం కదలదు. పవర్ కట్ తర్వాత కంప్రెసర్ ఇప్పుడే మొదలై రిసీవర్ ట్యాంకు ఇంకా నిండనప్పుడు చాలా సిలిండర్లు "పని చేయడం లేదు" అని కంప్లైంట్ వస్తుంది చూడండి, కారణం ఇదే.

ఏ వాల్వు ఎక్కడ

కరెంటు పోయినప్పుడు సిలిండర్ ఎక్కడ ఉండాలి? వాల్వు ఎంచుకునేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది, ధర సంగతి ఆ తర్వాతే. సిమెంటు గేటు మూసుకోవాలంటే ఒక కాయిల్, స్ప్రింగు ఉన్నది వేసి, కరెంటు లేనప్పుడు మూసుకునేలా పైపులు కలపండి. రాయి స్లాబును పట్టి ఉంచే క్లాంపు అయితే కరెంటు పోగానే వదిలేయకూడదు. అక్కడ రెండు కాయిల్స్ ఉన్న 5/2 మేలు, ఎందుకంటే ఆఖరుగా ఏ కాయిల్ పని చేసిందో స్పూల్ అక్కడే ఉండిపోతుంది. అయితే గాలే పోతే క్లాంపు వదులుతుంది, దానికి చెక్ వాల్వు (గాలిని ఒకే వైపు పోనిచ్చేది) వేరుగా పెట్టుకోవాలి. సిలిండర్ మధ్యలో ఆగాల్సిన చోట 5/3 వాడతారు. గాలి కుదించుకుంటుంది కాబట్టి 5/3తో ఒకే చోట కచ్చితంగా ఆపడం కుదరదు. బరువును నిలబెట్టడానికి దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

సిలిండర్ ఆగింది: ఇప్పుడు ఏం చేయాలి

ముందు ఎఫ్‌ఆర్‌ఎల్ దగ్గర గేజి చూడండి. సిలిండర్ నిలబడి ఉన్నప్పుడు ఒకసారి, పక్క సిలిండర్లు ఆడుతున్నప్పుడు ఒకసారి. ఆగి ఉన్నప్పుడు 6 బార్ చూపించి, కదిలేటప్పుడు 3కు పడిపోతుంటే ఫిల్టర్ మూసుకుపోయింది, లేదా ఎక్కడో పైపు నలిగింది.

రెండోది, నేను పైన చెప్పిన ఒక్క నిమిషం పరీక్ష. వాల్వు మీద కాయిల్ పక్కనే ఒక చిన్న బటన్ ఉంటుంది, కొన్నిటికి పసుపు లేదా నీలం రంగు వేస్తారు. ఇదే మాన్యువల్ ఓవర్‌రైడ్. మెషీన్ దగ్గర ఎవరూ లేరని చూసి, గట్టిగా చెప్పి, సన్నని స్క్రూడ్రైవర్‌తో దాన్ని నొక్కండి. సిలిండర్ కదిలిందా? అయితే గాలి, స్పూల్, సిలిండర్ మూడూ బాగున్నాయి, తప్పు కరెంటు వైపు ఉంది. కదల్లేదా? కాయిల్ గురించి మర్చిపోండి, గాలి వైపు వెతకండి. కొన్ని బటన్లు నొక్కి తిప్పితే లాక్ అవుతాయి. పని అయ్యాక మళ్లీ వెనక్కి తిప్పారో లేదో చూసుకోండి. లాక్ అయి ఉండిపోయిన బటన్ తర్వాతి షిఫ్టు వాళ్లను రాత్రంతా తిప్పలు పెడుతుంది.

కరెంటు వైపు అని తేలితే కాయిల్ మీది కనెక్టర్‌తో మొదలుపెట్టండి. కనెక్టర్‌లో లైటు వెలిగిందంటే కరెంటు అక్కడిదాకా వచ్చిందనే అర్థం, కాయిల్ బాగుందని కాదు. ఆన్‌లో ఉన్నప్పుడు ఇనుప స్క్రూడ్రైవర్ మొనను కాయిల్ మీది నట్టు దగ్గర పెట్టండి, పట్టి లాగితే కాయిల్ పని చేస్తోంది. లాగకపోతే కనెక్టర్ దగ్గరే, లోడ్ మీద (కాయిల్ కలిపి ఉండగానే) వోల్టేజి కొలవండి. 24 వోల్టుల కాయిల్స్ చాలావాటికి 10 శాతం అటూఇటూ మాత్రమే పరవాలేదు, అంటే 21.6 కన్నా తగ్గకూడదు. ప్యానెల్‌లో 24 ఉండి, దూరంలో ఉన్న కాయిల్ దగ్గర 19 కనిపిస్తే కేబుల్ సన్నగా ఉంది, లేదా ఏదో జాయింట్ తుప్పు పట్టింది. వోల్టేజి అసలు లేకపోతే ఫ్యూజు, రిలే, పీఎల్‌సీ (మెషీన్‌ను నడిపే కంట్రోలర్) అవుట్‌పుట్, ఆ తర్వాత రీడ్ స్విచ్చి (పిస్టన్ ఎక్కడుందో చెప్పే స్విచ్చి) లాంటి కండిషన్లు, ఇలా వెనక్కి పోవాలి. కనెక్టర్ కింద పలచని రబ్బరు గ్యాస్కెట్ ఉందో లేదో కూడా చూడండి. అది లేని కనెక్టర్‌లోకి దుమ్ము, వాన చెమ్మ పోయి పిన్నులు పచ్చబడతాయి.

గాలి వైపు అని తేలితే మొదట ఎగ్జాస్ట్ సైలెన్సర్లు విప్పి చూడండి. సిమెంటు, ఫ్లై యాష్, రాతిపొడి ఉన్నచోట ఇవి ముందు మూసుకుపోతాయి. గాలి బయటికి పోలేకపోతే పిస్టన్ ముందుకు పోలేదు. సైలెన్సర్ తీయగానే సిలిండర్ కదిలితే దాన్నే మార్చండి, అది వాల్వు ధరలో చిన్న భాగం. సైలెన్సర్ లేకుండా అలాగే నడపొద్దు, ఆ రంధ్రం గుండా దుమ్ము లోపలికి పోతుంది. సైలెన్సర్లు బాగుంటే వాల్వు నుంచి సిలిండర్‌కు పోయే పైపు విప్పి, బటన్ నొక్కి గాలి వస్తోందో లేదో చూడండి. వస్తే సిలిండర్ ఇరుక్కుంది, రాకపోతే స్పూల్ ఇరుక్కుంది.

ఎగ్జాస్ట్ నుంచి ఆగకుండా గాలి బుస్‌మంటుంటే అందరూ వాల్వునే తప్పు పడతారు. చాలాసార్లు నేరం పిస్టన్ సీలుది. రాడ్ ముందుకొచ్చి ఉన్నప్పుడు 3 నుంచి గాలి కారుతోందనుకోండి. గాలి ఆపి, ప్రెజర్ వదిలి, 2వ దారి పైపును వాల్వు దగ్గర ఊడదీయండి. మళ్లీ గాలి ఇచ్చి వాల్వును అదే స్థానానికి తెండి. సిలిండర్ వైపు నుంచి వచ్చే పైపులో గాలి వస్తే పిస్టన్ సీలు పోయింది. వాల్వు దారిలోంచే వస్తే స్పూల్ సీలు పోయింది. ఈ ఒక్క పరీక్షతో అనవసరంగా మారే వాల్వులు ఎన్నో మిగులుతాయి.

బ్యాగ్ ఫిల్టర్ పల్స్ వాల్వు

మన జిల్లాలో సిమెంటు మీద బతికేవాళ్లకు ఇది వేరుగా తెలియాలి. బ్యాగ్ ఫిల్టర్‌లో గుడ్డ సంచుల మీద చేరిన దుమ్మును, దుప్పటి దులిపినట్టు, ఒక్కసారిగా గాలి కొట్టి రాలుస్తారు. కొట్టే సమయం సెకనులో పదో వంతు మాత్రమే. అంత వేగంగా అంత గాలిని వదిలేది డయాఫ్రం (వంగే రబ్బరు పొర) ఉన్న వాల్వు.

దాని పని తీరు చూడముచ్చటగా ఉంటుంది. హెడ్డర్ ట్యాంకులోని (ఈ వాల్వులకు గాలి నిల్వ ఉంచే ట్యాంకు) గాలి డయాఫ్రంను కింది నుంచి అంచు భాగం మీద మాత్రమే తోస్తుంది. డయాఫ్రంలో ఉన్న సన్నని రంధ్రం గుండా అదే గాలి పైగదిలోకీ చేరుతుంది. పైన అదే ప్రెజర్ మొత్తం విస్తీర్ణం మీద పడుతుంది, స్ప్రింగు కూడా తోడవుతుంది, కాబట్టి వాల్వు మూసి ఉంటుంది. సోలినాయిడ్ తెరుచుకుంటే పైగది గాలి బయటికి పోతుంది. ఆ సన్నని రంధ్రం అంత వేగంగా దాన్ని నింపలేదు. డయాఫ్రం ఎగిరి, ట్యాంకు గాలి ఒక్క దెబ్బతో సంచుల్లోకి పోతుంది. సోలినాయిడ్ మూసుకోగానే పైగది నిండి వాల్వు మళ్లీ మూసుకుంటుంది.

దీన్ని చెవితో కనిపెట్టడం నేర్చుకోండి. ఫిల్టర్ పక్కన నిలబడితే ప్రతి వాల్వూ గట్టిగా "ఠప్" అనాలి. "తుస్" అని సాగితే డయాఫ్రం మెల్లగా మూసుకుంటోంది, లేదా ట్యాంకులో ప్రెజర్ లేదు. ఒక వాల్వు ఆగకుండా గాలి వదులుతుంటే హెడ్డర్ ప్రెజర్ పడిపోయి మిగతా వాల్వులన్నీ మూగబోతాయి. అలాంటప్పుడు సోలినాయిడ్ ఎగ్జాస్ట్ దగ్గర వేలు పెట్టి చూడండి. అక్కడ గాలి వస్తుంటే పైలట్‌లో మురికి ఉంది, లేదా టైమర్ సిగ్నల్ వదలడం లేదు. రాకపోతే, సోలినాయిడ్‌కు పోయే సన్నపైపు ఎక్కడా తెగలేదని చూసుకుని, డయాఫ్రం విప్పండి.

సంచులు మూసుకుపోతున్నాయని పల్స్ వ్యవధి పెంచేస్తారు కొందరు. లాభం లేదు. దెబ్బకు పదును ముఖ్యం, పొడవు కాదు. పొడవు పెంచితే గాలి ఖర్చు, సంచుల అరుగుదల పెరుగుతాయి. ముందు హెడ్డర్ ప్రెజర్ సరిచేయండి.

నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి

"మనది కరువు సీమ, గాలిలో చెమ్మ ఎక్కడిది?" అని అడుగుతారు. లెక్క చూడండి. 35 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉన్న రోజు ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 20 గ్రాముల నీరు ఆవిరిగా ఉంటుంది. గేజి మీద 7 బార్ అంటే ఎనిమిది ఘనపు మీటర్ల గాలిని ఒక్కదానిలోకి కుక్కినట్టు. నీరు 160 గ్రాములు అవుతుంది. ఆ గాలి 40 డిగ్రీలకు చల్లబడినా దాదాపు 51 గ్రాములే ఆవిరిగా పట్టి ఉంచగలదు. మిగిలిన 100 గ్రాములకు పైగా నీరుగా మారి పైపుల్లో పడుతుంది. ఆగస్టు, సెప్టెంబరు వానల్లో ఇంకా ఎక్కువ. ఆ నీరు సిమెంటు పొడితో కలిసి స్పూల్ చుట్టూ గట్టిపడితే సీళ్లు చీరుకుపోతాయి.

కాబట్టి రిసీవర్ ట్యాంకు డ్రెయిన్ ప్రతి షిఫ్టులో తెరవాలి. ఆటో డ్రెయిన్ ఉన్నా ఒకసారి చేత్తో తెరిచి చూడండి, అవి మూసుకుపోవడం మామూలే. మెయిన్ లైన్‌కు డ్రెయిన్ వైపు వంద మీటర్లకు ఒక మీటరు వాలు ఉండాలి. మెషీన్‌కు పోయే పైపును మెయిన్ లైన్ పైభాగం నుంచి తీసి వంచి కిందికి దించాలి, అప్పుడు నీరు మెషీన్‌లోకి రాదు. నూనె విషయంలో ఒక్కటే. ఇప్పుడు వచ్చే వాల్వులు చాలావరకు గ్రీజుతోనే వస్తాయి, నూనె అక్కర్లేదు. కానీ ఒకసారి లూబ్రికేటర్‌తో నూనె ఇవ్వడం మొదలుపెడితే ఆపకూడదు, లోపలి గ్రీజు అప్పటికే కడుక్కుపోయి ఉంటుంది. నూనె వీజీ 32 రకం (చిక్కదనాన్ని చెప్పే గ్రేడు) చాలు. ఇంజిన్ ఆయిల్ పోయకండి, సీళ్లు ఉబ్బుతాయి.

కొత్త వాల్వు బిగించేటప్పుడు

పైపును వాల్వుకు కలిపే ముందు ఒకసారి గాలితో ఊది, లోపలి తుప్పు, వెల్డింగ్ పొక్కులు బయటికి పోనివ్వండి. టెఫ్లాన్ టేపును ఫిట్టింగ్ మొదటి రెండు మరలను వదిలి చుట్టండి, లేకపోతే ముక్కలు ఊడి పైలట్ రంధ్రంలో ఇరుక్కుంటాయి. పీయూ (పాలియురేతేన్) పైపును కట్టర్‌తో నిటారుగా కోయాలి. బ్లేడుతో ఏటవాలుగా కోస్తే పుష్ ఫిట్టింగ్‌లో ఎప్పటికీ కారుతుంది. వేగం తగ్గించాలంటే సిలిండర్ నుంచి బయటికి వచ్చే గాలిని నొక్కేలా ఫ్లో కంట్రోల్ పెట్టండి. లోపలికి పోయేదాన్ని నొక్కితే సిలిండర్ కుదుపుతూ నడుస్తుంది.

అన్నీ బిగించాక లీకేజీ చూడాలి. 7 బార్ లైన్లో 3 మి.మీ. రంధ్రం సెకనుకు సుమారు 10 లీటర్ల గాలి వదిలేస్తుంది, దాన్ని తయారు చేయడానికి కంప్రెసర్ మూడు నాలుగు కిలోవాట్లు తింటుంది. సెలవు రోజు మెషీన్లన్నీ ఆగినప్పుడు ట్యాంకును 7 బార్‌కు నింపి, కంప్రెసర్ ఆపి, గడియారం చూడండి. ట్యాంకు, పైపులు కలిపి 1000 లీటర్లు ఉండి, ఐదు నిమిషాల్లో 6 బార్‌కు పడితే నిమిషానికి 200 లీటర్లు కారుతున్నట్టు. సబ్బు నీళ్ల బ్రష్షుతో ఫిట్టింగులు, ఎఫ్‌ఆర్‌ఎల్ గిన్నెలు, వాల్వు ఎగ్జాస్ట్‌లు ఒక్కొక్కటీ తడుపుతూ పోండి. బుడగ లేచిన చోట చాక్‌పీసుతో గుర్తు పెట్టి, గాలి వదిలాకే బిగించండి.